దుమ్ము మబ్బు పాఠం

మైపాడుకు దిగువన ఒక పల్లెకారుల పాళెం. ఇళ్లకూ సముద్రానికీ నడుమ ఇసుకదిబ్బ మీద ముత్యాలయ్య వల కుడుతున్నాడు. ఎదురుగా కోడలు భానుప్రియ. మధ్యాహ్నం వాలింది.

"చెప్పకూడదని చెప్పినా గదమ్మా. మళ్లీ అదే అడుగుతుండావు."

"మళ్లీ అడగడం లేదు మామా. నిన్న అడిగింది ఇంకా అయిపోలేదు."

"నిన్ననే అయిపోయింది."

"మీకు అయిపోయింది."

"వల మీద కాలు పెట్టబాక. అటు... ఆ పక్కన కూర్చో. ఆఁ, ఆడ."

"రోజూ ఇక్కడే కదా నేను కూర్చునేది."

"ఊరికే చెప్పినా. వల కన్ను తెగితే మళ్లీ కుట్టాల. పీతలు కొరికిందే చాలు."

"నా బిడ్డని ఎక్కడ పెట్టినారు మామా?"

"సోమవారం నుంచి బడికి పోతుండావంట?"

"పోతున్నాను."

"సెలవు ఇంకా ఉండాది గదా."

"ఉంది. ఆ సెలవు బిడ్డ కోసం ఇచ్చేది. నాకెందుకు."

"ఒళ్లు ఇంకా పచ్చిగా ఉండాది. కోత కోసిన కడుపు. ఇందుకూరుపేట దాకా ఆటోలో కుదుపులు."

"కుదుపులు తెలియడం లేదు. కుట్లు విప్పినప్పుడు కూడా తెలీలేదు. నర్సమ్మ నొప్పిగా ఉందా అంటే ఎవర్నో అడుగుతోందనుకున్నాను."

"పోలేరయ్యకి చెప్తాలే, మెల్లగా తోలమని."

"పోలేరయ్యని అడిగినాను మామా."

"ఏమని?"

"ఆ రోజు నెల్లూరు ఆస్పత్రి నుంచి మిమ్మల్ని ఎక్కడిదాకా తెచ్చినాడని."

"వాడి మొహం. వాడికేం తెలుసు. ఆటోకి బ్రేకులు యాడున్నాయో కూడా తెలీదు వాడికి."

"మైపాడు రోడ్డు మలుపులో దిగిపోయినారంట. తువ్వాలు గుండెకి అదుముకొని దిగినారంట. వెంట రాబోతే వద్దన్నారంట."

"నోట్లో నువ్వు గింజ నానదు వాడికి."

"ఆ మలుపు నుంచి ఎటు పోయినారు?"

"నడిచినా."

"ఎటు?"

"కాళ్లు ఎటు పోతే అటు. ఆ సూది ఇట్టా ఇయ్యమ్మా. అది గాదు, దారం ఉండే సూది."

"నేను మత్తులో ఉన్నాను. మీ అబ్బాయి సముద్రం మీద ఉన్నాడు. అత్త నా మంచం దగ్గర ఉంది. బిడ్డని చూసింది మీరొక్కరే. ఎక్కడ పెట్టినారో తెలిసింది మీకొక్కరికే."

"అందుకే గదా నోరు కట్టుకొని ఉండేది. మోసుకుపోయినోడు తల్లిదండ్రులకి చోటు చెప్పకూడదు. ఇది నేను పెట్టింది గాదు, మా తాత పెట్టింది గాదు. పాళెం కట్టుబాటు."

"ఎందుకు చెప్పకూడదు?"

"చెప్తే తల్లి ఆడికి పోతా ఉంటాది. పోతా ఉంటే వెనకది నిలవదు."

"వెనకది అంటే?"

"రేపు పుట్టబోయేది."

"రేపటి సంగతి ఎవరు అడిగినారు మామా. ఉన్నదాని సంగతి అడుగుతున్నాను."

"లేనిదాని సంగతి అది."

"ఉంది. ఎక్కడో ఒక చోట ఉంది. లేకుండా ఎట్టా పోతుంది?"

"సరేగాని, నీ పాఠం ఏమైంది? నిన్న చెప్తానని ఎగ్గొట్టినావు. బడికి పోయేలోపల ఒకసారి నాకు చెప్పి చూస్తానన్నావు గదా. చెప్పు. బాగా లేకపోతే మార్కులు తీసేస్తా."

"మీకు పాఠం ఎందుకు?"

"ఏం, ఆకాశం మీ బడిదేనా? నేనూ యాభై ఏళ్లు దాని కింద వల ఏసినోణ్నే. చెప్పు. నక్షత్రాల పుట్టుక."

"నక్షత్రాలు ఏర్పడడం."

"నిన్న పుట్టుక అన్నావే."

"పుస్తకంలో అట్టానే ఉంది. నేను ఏర్పడడం అంటాను. అద్దం ముందు నిలబడి చెప్పి చూసినాను మామా. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోంది. ఏడుపు కాదు. ఊరికే ఆగిపోతోంది, రేడియో కట్టేసినట్టు."

"అయితే ఏర్పడడమే. ఎవురొద్దన్నారు."

"మొదట ఒక మబ్బు ఉంటుంది."

"వానమబ్బా?"

"నీళ్లు కావు. వాయువు, అందులో దుమ్ము. పుస్తకంలో నీహారిక అని పెద్ద పేరు పెట్టినారు. పిల్లలకి మబ్బనే చెప్తాను. మన పొగమంచు కంటే ఎంతో పలచన. కానీ ఈ కొస నుంచి ఆ కొసకి వెలుగు పోవాలన్నా ఏళ్లు పడతాయి."

"అంత దాంట్లో ఏముంటాది?"

"ఏమీ ఉండదు. చీకటి. చలి."

"చలంటే, పుష్యమాసం చలి మాదిరా?"

"మన ఐసు పెట్టెలో ఐసు దాని ముందు కుంపటి."

"అబ్బో."

"చల్లగా ఉంటేనే మామా. కాస్త వెచ్చగా ఉన్నా అది దగ్గరికి చేరదు, చెదిరిపోతుంది. బాగా చల్లబడిపోయిన మబ్బు మాత్రమే తన బరువుకి తానే లోపలికి కూలుతుంది."

"చల్లబడితే గడ్డకడతాదంటావు. నెయ్యి మాదిరి."

"పిల్లలకి అదే చెప్తాను."

"నేను చెప్పినానని చెప్పు. ముత్యాలయ్య, రెండో తరగతి, మధ్యలో మానేసినాడు అని రాయి బోర్డు మీద."

"చెప్తాను."

"నవ్వొచ్చు గదమ్మా. నవ్వితే తప్పు లేదు."

"నవ్వాలని తెలుస్తోంది. రావడం లేదు. ఏడుపూ రావడం లేదు. అత్త ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను, టీవీలో ఎవరో ఏడుస్తున్నట్టు."

"వస్తాదిలే."

"రాకపోతే?"

"వస్తాది... హే. పో. పోతావా లేదా. ఇటు జరుగమ్మా, రాయి ఇసరాల."

"కుక్కే కదా మామా. వల జోలికి కూడా రాలేదు."

"వస్తాది. చేపల వాసన పట్టుకొని వస్తాయి."

"ఈ వల నీళ్లలో దిగి నెల దాటింది. ఇంకా ఏం వాసన?"

"ఉంటాది. నీకు తెలీదు. కుక్కలకి తెలుస్తాది. పో అంటే. అద్గదీ. నువ్వు చెప్పు, మబ్బు దగ్గర ఉండావు."

"అయిపోయిందిలేండి."

"యాడ అయిపోయింది? చల్లగా ఉండాది. సరే. ఎంతకాలం ఉంటాది అట్టా?"

"లక్షల ఏళ్లు. కదలకుండా. ఏదో ఒకటి వచ్చి తోసిందాకా."

"ఏం వస్తాది, ఆడ ఎవురుంటారు తొయ్యడానికి?"

"పక్కన ఎక్కడో ఒక ముసలి నక్షత్రం పేలిపోతుంది. దాని తాకిడికి ఈ మబ్బు నొక్కుకుంటుంది. ఒక చోట కొంచెం చిక్కబడుతుంది. చిక్కబడిన చోటికి చుట్టుపక్కలది వచ్చి చేరుతుంది. చేరేకొద్దీ బరువు. బరువెక్కేకొద్దీ ఇంకా లాగుతుంది."

"ముసలిది పోతేగాని పిల్లది రాదన్నమాట."

"అట్టా కూడా చెప్పొచ్చు."

"మన ఇంట్లోనే తిరగబడింది. ముసలోడు రాయి మాదిరి కూర్చోనుండాడు."

"అట్టా అనబాకండి మామా."

"ఉన్న మాటే గదా. నన్ను తీసుకోమని ఆ ఆటోలో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలుసు. ఎవురికి వినపడింది? పోలేరయ్యకి వినపడింది. ఏడవబాక మామా అంటా హారన్ కొట్టుకుంటా తోలినాడు... ఇంక చాలు. కిషోరు ఫోన్ చేసినాడా?"

"పొద్దున చేసినాడు. రేపు ఒడ్డుకి వస్తారంట. కొత్త బోటు సంగతే చెప్పినాడు. ఏం మాట్లాడాలో తెలీక ఆయన బోటు గురించి మాట్లాడతాడు, నేను సరే సరే అంటాను. దానికి పేరు కూడా అనుకున్నాడంట."

"బోటు ఇంకా కంటికి కనపడలా, అప్పుడే పేరంట. వాడంతే. ఆలు లేదు చూలు లేదు కొడు..."

"చెప్పండి."

"ఏం లేదు."

"సామెతే కదా మామా. ఆపేసినారేం."

"నా నోరు మండ. వదిలెయ్యమ్మా."

"నేనూ ఒక పేరు అనుకున్నాను."

"నాకు చెప్పబాక."

"చెప్పను. పెట్టకుండా పోయిన పేరు బయటికి చెప్పకూడదంట, అత్త చెప్పింది. అదీ కట్టే. ఆస్పత్రిలో చేతికి పట్టీ కట్టినారంట కదా. అందులో ఏం రాసినారో చూసినారా?"

"ఇంగ్లీషు. నాకేం తెలుసు."

"బేబీ ఆఫ్ భానుప్రియ అని రాస్తారు. భానుప్రియ బిడ్డ అని. అంతకు మించి పేరు లేదు దానికి. ఆ పట్టీ తీసేసినారా మామా?"

"ఆ దారం కొస పట్టుకో అమ్మా."

"ఇది చోటు కాదు కదా. పట్టీ సంగతి అడుగుతున్నాను."

"తియ్యలా."

"తియ్యాల్సింది కదా?"

"తియ్యాల్సిందే. చేతికీ కాలికీ ఏమీ ఉండకూడదు. కత్తి తీసినా కొయ్యడానికి. తియ్యబుద్ధి గాలా."

"అయితే నా పేరు ఉంది అక్కడ."

"ఉండాది."

"జుట్టు ఉందా?"

"అమ్మా."

"పాప అని మాత్రం చెప్పినారు నర్సమ్మ. ఇంకేమీ చెప్పలేదు. బడికి పోతే పిల్లలు అడుగుతారు. నేను సెలవు పెట్టిన రోజు బోర్డు మీద రాసినారు, పాపయితే జిలేబీ, బాబయితే లడ్డూ అని. టీచర్ ఎవరు పుట్టినారు అంటే పాప అని చెప్పాల. ఎట్టా ఉంది అంటే ఏం చెప్పాల?"

"ఉన్నింది. జుట్టు. బాగా ఉన్నింది. నల్లగా, తడిసి నుదుటికి అతుక్కొని ఉన్నింది."

"ఎవరి పోలిక?"

"నిద్రపోయే బిడ్డకి పోలికేముంటాదమ్మా. ఇంక అడగబాక."

"తల ఎటు పెట్టినారు?"

"దక్షిణానికే. ఎవురికైనా అంతే. పెద్దోళ్లకైనా, పిల్లోళ్లకైనా."

"పోటు నీళ్లు వస్తాయా అక్కడికి?"

"రావు."

"మొన్న అమావాస్యకి వలల షెడ్డు దాకా వచ్చినాయి."

"రావమ్మా. తుపాను వచ్చినా రావు. అంత తెలివిలేనోణ్నా నేను. వల ఏసే చోటే చూసి ఏస్తానే, బిడ్డని..."

"బిడ్డని?"

"మీ అత్త వస్తుండాది. కళ్లు తుడుచుకో."

"నా కళ్లు పొడిగానే ఉన్నాయి మామా. మీవి తుడుచుకోండి."

"ఇద్దరూ ఈడనే ఉండారా. ఏందయ్యా, ఆ పిల్లని ఈ ఎండలో కూర్చోబెట్టుకొని ఏం చెప్తుండావు?"

"నేను చెప్పడం లేదు కామాక్షమ్మా. నీ కోడలే నాకు పాఠం చెప్తుండాది."

"ఈ వయసులోనా. చెప్పమ్మే, చెప్పు. రాకపోతే గోడకుర్చీ వేయించు. టీ పట్టుకో. అమ్మ, కాళ్లు బొబ్బలెక్కుతుండాయి. ఇసకా ఇది, పెనమా."

"ఇంట్లో రెండు జతల చెప్పులుండాయి గదా. ఏసుకొని రాకూడదా?"

"ఇసకలో నేను చెప్పులు ఏస్తానా? కొత్తగా చూస్తుండావా నన్ను?"

"మొక్కంట. ఏ దేవుడికో ఇంతవరకూ చెప్పలా. ఆ దేవుడు కూడా మర్చిపోయుంటాడు."

"నా మొక్కు నాది. నీకెందుకు. నువ్వు ముందు ఆ వల తీసుకొని షెడ్డు కిందికి రా. పాళెంలో మొగోళ్లంతా నీడన కూర్చోని వలలు కుట్టుకుంటుంటే నువ్వొక్కడివే ఈడ వడియం మాదిరి ఎండుతుండావు. చూడమ్మే, రాత్రి కూడా ఈడనే పడక. వలకి కాపలా అంట. ఈ చింకి వలని ఎవుడు ఎత్తుకుపోతాడు?"

"గాలి బాగా ఆడతాది ఈడ."

"గాలంట. కిషోరు చెప్పినాడు, అది ఎప్పుడో బాగైపోయింది, నాయన కుట్టిందే విప్పి మళ్లీ కుడుతుండాడని."

"వాడికేం తెలుసు వల సంగతి."

"ఏందో. ఈ ఇంట్లో ఎవురూ ఎవురికీ ఏమీ చెప్పరు. గ్లాసులు నువ్వు తీసుకొని రామ్మే. పొయ్యి మీద పులుసు ఉండాది, నేను పోతా."

"ఎందుకత్తా నువ్వు వచ్చినావు, నేను వచ్చి తెచ్చేదాన్ని కదా."

"నిన్ను చూసినట్టుంటాదని వచ్చినాలే. తాగు, చల్లారిపోతాది."

"ముసలిదానికి కోపం ముక్కు మీదనే. కానీ టీ బాగా పెడతాది. తాగమ్మా."

"అత్త నడక చూడండి మామా."

"ఏం, కాలు నొప్పా?"

"చూడండి. ఎట్టా నడుస్తోందో."

"ఇసక కాల్తుంటే అట్టానే నడుస్తారు."

"కాలితే పరిగెత్తుతారు. అత్త పరిగెత్తడం లేదు. చూసి చూసి అడుగేస్తోంది. ముందు మునివేళ్లు ఆనించి, తర్వాత మడమ."

"అది దాని అలవాటు. పెళ్లయిన కొత్తల్లో బాగానే పరిగెత్తేది. తర్వాత వచ్చింది ఆ అలవాటు."

"ఎప్పటి నుంచి?"

"గుర్తు లేదు. కిషోరు పుట్టక ముందు నుంచే ఉండాది."

"కిషోర్ కంటే ముందు ఒక బిడ్డ పోయింది కదా మీకు."

"అది ఎవురు చెప్పినారు నీకు?"

"అత్తే చెప్పింది. మొన్న నాకు తల దువ్వుతా చెప్పింది. పురిట్లోనే పోయింది, మగబిడ్డ. మీ నాయన మోసుకుపోయినాడు. అత్తకి చెప్పలేదు, మీకూ చెప్పలేదు."

"కట్టు అది. నేను అడగలా. ఆయన చెప్పలా. పోయేటప్పుడన్నా చెప్తాడేమో అనుకున్నా. మాట పడిపోయి పోయినాడు."

"చెప్పులు లేకుండా నడిచేది మొక్కు కాదు మామా."

"మరి?"

"బిడ్డ ఎక్కడుందో తెలీదు. ఈ ఇసుకలోనే ఎక్కడో ఉందని మాత్రం తెలుసు. చెప్పులతో తొక్కుతానేమో అని వేసుకోదు. మెత్తగా ఆనించి నడుస్తుంది, కింద ఉన్నది లేస్తుందేమో అన్నట్టు. ఇన్నేళ్లూ అట్టానే నడిచింది. మైపాడుకు పోయినా అంతే, సంతకు పోయినా అంతే. ఎక్కడైనా ఉండొచ్చు కదా. తల్లికి చెప్తే ఒక్క చోటికే పోతా ఉంటుందని కదా మీ కట్టు. చెప్పకపోయేసరికి అత్తకి ఈ తీరమంతా ఆ చోటే అయింది."

"నాకు చెప్పలా. ఇన్నేళ్లు పక్కన పడుకొని నాకు ఒక్క మాట చెప్పలా."

"మీరు అడిగినారా?"

"మొక్కుని ఎగతాళి చేసినా. ఇప్పుడు కూడా చేసినా, నీ ముందరే."

"నేను కూడా చెప్పులు విడిచేస్తానేమో మామా. సోమవారం బడికి పోతాను. ఆటో దిగినాక బడి దాకా ఇసుకే."

"పాఠం... పాఠం ఏడ ఆపినావు?"

"ఇప్పుడు పాఠం ఎందుకు మామా?"

"చెప్పు. నువ్వు ఏదో ఒకటి మాట్లాడతా ఉండు. మబ్బు నొక్కుకుంటాది అన్నావు. తర్వాత?"

"తర్వాత నడిమిలో వేడి పుడుతుంది. వేడెక్కి వేడెక్కి ఒక రోజుకి అంటుకుంటుంది. అదే నక్షత్రం. మన సూర్యుడూ అంతే. చుట్టూ మిగిలిపోయిన దుమ్ము పళ్లెం మాదిరి తిరుగుతా ఉంటుంది. నలుసుకి నలుసు అంటుకొని గులకరాయి అవుతుంది. గులకరాళ్లు కలిసి బండ. బండలు గుద్దుకొని గుద్దుకొని భూమి."

"ఈ ఇసక కూడానా?"

"ఈ ఇసుక. ఈ టీ గ్లాసు. మన ఎముకల్లో సున్నం కూడా ఎప్పుడో పేలిపోయిన ముసలి నక్షత్రాల్లోదే."

"ఎముకలా. చిన్నబిడ్డల ఎముకలు కూడానా?"

"అవి కూడా. అదేం ఓదార్పు కాదు మామా. పాఠం, అంతే. కొందరు టీచర్లు ఆ మాట చెప్పి పిల్లల్ని మురిపిస్తారు. నేనూ చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్తుంటే సున్నం అంటే సున్నమే అనిపిస్తోంది."

"మళ్లీ ఎప్పటికన్నా నక్షత్రం అవుతాదా అదంతా?"

"అవ్వొచ్చు. సూర్యుడు అయిపోవాల, భూమి కరిగిపోవాల. వందల కోట్ల ఏళ్లు."

"అంతకాలం ఎవురుంటారమ్మా కాపలా."

"ఎవరూ ఉండరు."

"ఆ మబ్బులో ముద్దలు కడతాయి గదా. అన్నీ వెలుగుతాయా?"

"అన్నీ వెలగవు."

"ఎందుకని?"

"కొన్నిటికి బరువు చాలదు. దగ్గరికి చేరతాయి. గుండ్రంగా అవుతాయి. లోపల కాస్త వెచ్చన కూడా అవుతుంది. అంతే. అంటుకోకుండానే మెల్లగా చల్లారిపోతాయి."

"దానికేం పాపం."

"ఏమీ లేదు. దాని తప్పూ కాదు, మబ్బు తప్పూ కాదు. డాక్టరమ్మ కూడా అట్టానే చెప్పింది. నీ తప్పేమీ లేదమ్మా, ఎవరి తప్పూ లేదని. మూడుసార్లు చెప్పింది. నేను తల ఊపినాను."

"ఈ ముక్క కూడా పిల్లలకి చెప్తావా?"

"పుస్తకంలో రెండు వాక్యాలే ఉన్నాయి. పరీక్షకి రాదు. చదవకుండా దాటేస్తే ఎవరూ అడగరు. దాటేద్దామనే అనుకున్నాను."

"దాటబాక."

"చెప్పలేనేమో మామా."

"మెల్లగా చెప్పు. అది కూడా ఉండాది గదమ్మా, ఆకాశంలో. వెలిగిందే ఉన్నట్టు, వెలగంది లేనట్టు చెప్తే ఎట్టా?"

"చెప్తాను."

"కనపడతాయా అవి?"

"కంటికి కనపడవు. వేడిని పట్టే పెద్ద అద్దాలు ఉన్నాయి. ఏ కాస్త వెచ్చదనం మిగిలినా వాటికి తెలిసిపోతుంది."

"అయితే యాడుండాయో తెలుసు వాళ్లకి."

"తెలుసు. ప్రతిదానికీ చోటు గుర్తు పెట్టుకుంటారు. ఆకాశంలో ఏ మూల, దేనికి పక్కన, ఎంత దూరం. మళ్లీ ఎవరైనా వెతుక్కుంటే దొరకాల కదా."

"వెలగందానికి కూడానా?"

"వెలగందానికి కూడా."

"దాని చోటు చెప్తే మిగతావి ఏమన్నా ఆరిపోతాయా?"

"ఎందుకు ఆరిపోతాయి మామా. దేని దోవ దానిది."

"ఊఁ."

"టీ చల్లారిపోయింది. తాగలేదు మీరు."

"అదట్టా పెట్టు. లే అమ్మా. ఈ వల ఎత్తుదాం, ఆ కొస పట్టుకో."

"ఇంకా పొద్దుంది కదా. ఇంత తొందరగా ఎప్పుడూ ఎత్తరే."

"బాగైపోయింది వల. కిషోరు చెప్పింది నిజమే, ఎప్పుడో బాగైపోయింది. పట్టుకో."

"అత్త ఎంత అరిచినా ఎత్తలేదు ఇన్నాళ్లూ."

"ఇప్పుడు ఎత్తుతుండా గదా. మెల్లగా. ఈడ్చబాక, ఇసక కదులుతాది. పైకెత్తు. కడుపు మీద బరువు పడనియ్యబాక, ఆ బరువంతా నా వైపు వదిలెయ్. ఆఁ, అట్టా. ఈ పక్కన పడేద్దాం."

"వల కింద రాళ్లు పేర్చినారేంది మామా?"

"కుక్కలు తవ్వకుండా."

"ఎవరి కోసం..."

"చెప్పులు విడువమ్మా."

"ఇందాక చల్లబడితేనే దగ్గరికి చేరుతుందని చెప్పినాను కదా. ఇక్కడ ఇసుక చల్లగా ఉంది మామా. కాళ్లకి తెలుస్తోంది."

"ఎండ తగలనియ్యలా."

"ఇక్కడే కాసేపు కూర్చుంటాను."

"కూర్చో. ఎంతసేపన్నా కూర్చో. రేపు కిషోరొస్తే వాణ్నీ తీసుకొని రా, మీ అత్తనీ తీసుకొని రా. అటు వద్దమ్మా, కొంచెం ఇటు జరిగి కూర్చో. అది తల వైపు."